అరువు నడక

ధూమ్రశిఖరం మీద కపిలజటుడనే మాంత్రికుడు కట్టిన కోటను దూరం నుంచి చూసినవాళ్ళు దేవతల నగరం అనుకుంటారు. పచ్చరాతి బురుజులు, పగడపు రంగు గోడలు, ఎండ పడితే నెమలి మెడలా రంగులు మార్చే ఏడు గోపురాలు, వాటి చుట్టూ ఏనాడూ కదలని తెల్లని మబ్బు. దగ్గరికి వెళ్ళాక ఆ మబ్బు హోమాల పొగ అనీ, ఆ రాళ్ళ నిగనిగ అంతా జిడ్డు అనీ తెలుస్తుంది. దూరపు కొండలు నునుపని పెద్దలు ఊరికే అన్నారా!

వైశాఖ మాసపు ఎండ పొద్దున్నే చురుక్కుమంటోంది. కోట వాకిట సరుకు మోసుకొచ్చినవాళ్ళ బారులో ఇద్దరు కొత్తవాళ్ళు నిలబడి ఉన్నారు. ముందున్నవాడి నెత్తి మీద నేతి కుండ, వెనక ఉన్న పిల్ల నెత్తి మీద సమిధల మోపు. చూడబోతే ఏదో గొల్లపల్లె నుంచి దిగినవాళ్ళే. నిజానికి ఆ మగవాడు కుందవరం రాజ్యపు గరిడీశాలలో పెద్ద శిష్యుడు, బాచన. ఆ పిల్ల యుద్ధంలో నేలకూలిన సేనాపతి కూతురు, నాగసాని. ఎగిరే చిలుకను వదిలేసి దాని ముక్కున ఉన్న గింజను కొట్టగల విలుకత్తె. ఆమె విల్లూ అమ్ములపొదీ సమిధల మధ్య దాగి ఉన్నాయి.

వాళ్ళు వచ్చిన పనులు రెండు. తాళకోట యుద్ధంలో ఈ మాంత్రికుడికి చిక్కి, ఈ కోటలో గొడ్డుచాకిరీ చేస్తున్న మూడువందల పన్నెండుమంది కుందవరం సైనికుల్ని విడిపించడం మొదటిది. రెండోది నాగసాని సొంత శపథం. గరిడీ గురువు గొంకయ్య ఒజ్జ శత్రువుకు అమ్ముడుపోయి, సైన్యానికి తప్పు అడుగు నేర్పి, తన తండ్రి చావుకు కారణమయ్యాడని ఆమె నమ్మకం. రాజసభ కూడా అలాగే తీర్పు చెప్పి ఆయన్ను దేశం నుంచి వెళ్ళగొట్టింది. ఆ ముసలాయన ఇప్పుడు ఈ కోటలోనే ఉన్నాడని వేగులు చెప్పారు. ఎర్ర ఈకల బాణం ఒకటి ఆయన గుండె కోసమే ఉంచింది నాగసాని. నలభై రోజుల ప్రయాణంలో రోజూ సాయంత్రం ఆ బాణాన్ని సానపట్టేది. బాచన ఎదురుగా కూర్చుని చూసేవాడు, దొంగకు తేలు కుట్టినట్టు.

ఎందుకంటే ఆ తప్పు అడుగు గొంకయ్య నేర్పలేదు. బాచన నేర్పాడు.

"ఏం తెచ్చావురా?" అని గర్జించాడు వాకిట కాపలావాడు. వాడికి మనిషి ఒళ్ళు, ఎలుగుబంటి మొహం.

"నెయ్యి సామీ. హోమానికి."

"ఈ పిల్లెవతె?"

"నా మేనత్త కూతురు సామీ. సమిధలు తెచ్చింది."

ఎలుగు మొహంవాడు కుండలో వేలు ముంచి నాకి, తృప్తిగా గుర్రుమని, లోపలికి పొమ్మన్నాడు.

లోపల పెద్ద ఆవరణ. దాని మూడు వైపులా గోడ, నాలుగో వైపు గోడ లేదు, అఖాతం. ఆ అఖాతం మీదుగా అవతలి కొండకు ఒక గొలుసు వంతెన వేలాడుతోంది. ఎనిమిదో గోపురం కట్టడానికి కావలసిన రాళ్ళు ఆవరణలో గుట్టలుగా పడి ఉన్నాయి. మోకులు నడుముకు కట్టుకుని ఆ రాళ్ళను ఈడుస్తున్నారు మూడువందల పన్నెండుమంది. వాళ్ళకు సంకెళ్ళు లేవు, దగ్గర కాపలా కూడా లేదు. అయినా ఒక్క తాళానికి, ఒక్క అడుగుగా నడుస్తున్నారు. ప్రతి అడుగులోనూ ఎడమ పాదం బయటికి తిరుగుతోంది. మడమ కాస్త నేలను రాసుకుంటోంది. మోకాలు లోపలికి వాలుతోంది.

తను రాసిన తప్పుడు పద్యాన్ని మూడువందల నోళ్ళు తన ముందే చదువుతుంటే కవికి ఎలా ఉంటుందో బాచనకు అలా ఉంది. తల దించుకోవాలనిపించింది. నెత్తిన కుండ ఉండబట్టి అదీ కుదరలేదు.

ఆ వరసలో ఉన్న రేవన్న అనే నడివయసు భటుడు అతన్ని గుర్తుపట్టాడు. చెమట కారుతున్న మొహం విప్పారింది. పక్కనుంచి పోతూ గొంతు తగ్గించి, "వచ్చావా పెద్దన్నా! నువ్వు వస్తావని వీళ్ళందరితో పందెం కాశాను. కాళ్ళు మాట వినడం లేదన్నా. చేతులు మావే, నోరు మాదే, కాళ్ళు మాత్రం వాడివి," అన్నాడు.

పెద్దన్నా అన్న ఆ పిలుపు బాచనను చెంపదెబ్బ కంటే గట్టిగా కొట్టింది. నెత్తిన కుండ సర్దుకుని ముందుకు నడిచాడు.

ఇక్కడ కథ వెనక్కి నాలుగడుగులు వెయ్యాలి. గొంకయ్య గరిడీలో కత్తి కంటే ముందు కండను చూపించేవాడు. కటికవాడి దగ్గర నుంచి మేక కాలు తెప్పించి, పిక్క వెనకాల ఉన్న తెల్లటి నరాన్ని పట్టి లాగేవాడు. గిట్ట ముడుచుకునేది. "చూశారట్రా! కండకు లాగడమే తెలుసు, తొయ్యడం తెలీదు. అందుకే ప్రతి కీలుకూ రెండు పక్కలా కండలున్నాయి. ఒకటి బిగిస్తే రెండోది వదలాలి. రెండూ బిగిస్తే మనిషి కొయ్య," అనేవాడు. ఆయన మరో మాట కూడా రోజూ అనేవాడు. కంటితో చూసింది సగం విద్య, చెయ్యి వేసి పట్టి చూసింది మిగతా సగం.

ఆ రెండో సగం బాచనకు ఎక్కలేదు. అతనికి కంటి చురుకు ఎక్కువ. గురువు అడుగు వేసినప్పుడు ఎడమ పాదం బయటికి తిరగడం చూశాడు. అది అందరికీ చెప్పని గుప్తవిద్య అనుకున్నాడు. దానికి మయూరపాదం అని పేరు పెట్టి, తాటాకుల మీద లక్షణం రాసుకున్నాడు. గురువు విషజ్వరంతో ఆరునెలలు మంచం పట్టినప్పుడు ఆరువందలమంది సైనికులకు ఒజ్జగారి విద్యేనని చెప్పి దాన్నే నేర్పాడు. లేచి వచ్చిన గొంకయ్య ఆరువందలమంది తనలాగే కుంటుతూ కవాతు చెయ్యడం చూసి, ముందు పగలబడి నవ్వాడు, తరవాత గోడకు ఆనుకుని ఏడ్చాడు. "అది విద్య కాదురా బాచా, అవిటితనం. ఇవాళే మాన్పించు," అన్నాడు.

ఇవాళే మాన్పించాలంటే ఆరువందలమంది ముందు నిలబడి నేను తప్పు చెప్పానని ఒప్పుకోవాలి. బాచనకు నోరు రాలేదు. పండగ వెళ్ళాక చెబుదామనుకున్నాడు. వానలు తగ్గాక చెబుదామనుకున్నాడు. వానలు తగ్గేసరికి యుద్ధం వచ్చింది. తాళకోట వాలు మీద పై నుంచి కిందికి దూకుతూ పోరాడాల్సి వచ్చినప్పుడు ఆరువందల ఎడమ మోకాళ్ళూ ఒక్కసారే మొరాయించాయి. మూడు గడియల్లో కోట పోయింది.

సభలో గొంకయ్య మీద నేరం మోపినప్పుడు ఆయన ఒక్కసారి శిష్యుడి వైపు చూశాడు. శిష్యుడు నేల వైపు చూశాడు. ఆ గరిడీలో ఒక ఆచారం ఉంది. వెలివేసిన గురువు గడప దాటేటప్పుడు శిష్యులందరూ గరిడీ మట్టి తీసి ఆయన వీపున కొట్టాలి. మొదటి పిడికిలి పెద్ద శిష్యుడిది. బాచన ఆ పిడికిలి కూడా కొట్టాడు.

చాలు. ఇక ముందుకు పోదాం, కపిలజటుడు ఎదురుచూస్తున్నాడు.

ఆవరణ చివర ఎత్తైన అరుగు మీద రాగి తీగల్లాంటి జడలు మోకాళ్ళదాకా వేలాడేసుకుని కూర్చున్నాడు మాంత్రికుడు. పక్కనే ఒక నీటి చక్రం తిరుగుతోంది. చక్రానికి కట్టిన దారాలతో జానెడు కీలుబొమ్మ ఒకటి గాలిలో నడుస్తోంది. టేకు ఒళ్ళు, ఇత్తడి కీళ్ళు, నల్లమట్టి పాదాలు. ఎడమ పాదం బయటికి తిరిగి ఉంది.

"కుండ దించు," అన్నాడు కపిలజటుడు.

బాచన దించాడు. అంతే! అతని ఎడమ కాలు తనంత తాను లేచింది. పాదం బయటికి తిరిగింది, మడమ నేలను రాసింది. తొడ కండను బిగబట్టి ఆపబోయాడు. మోకాలు కొయ్యలా బిగుసుకుని నొప్పి నడుందాకా పాకింది గాని కాలు ఆగలేదు. బొమ్మ ఒకడుగు, బాచన ఒకడుగు. బొమ్మ ఒకడుగు, బాచన ఒకడుగు.

మాంత్రికుడు తొడ చరుచుకుని నవ్వాడు. "ఓహోహో! నువ్వూ ఆ బడివాడివేనా! ఏటి ఒడ్డున మీ సైన్యం దిగిన మర్నాడు తడి ఇసుకలో అడుగులు చూశానురా. ఆరువందలమందివీ ఒక్కలాగే ఉన్నాయి! మామూలుగా ఒక్కొక్కడికి ఒక్కొక్క బొమ్మ చెయ్యాలి, నా ఆయుష్షు చాలదు. మీకు మాత్రం ఒకే బొమ్మ సరిపోయింది. ఎవడో మహానుభావుడు నా పని తేలిక చేశాడు. దొరికితే వాడికి కనకాభిషేకం చేద్దునే!"

ఆ మహానుభావుడు బొమ్మతో సమానంగా గెంతుతూ పళ్ళు కొరుక్కున్నాడు. ఇంతకాలం మోకాళ్ళు మొరాయించడం ఒక్కటే తన పాపం అనుకున్నాడు. మూడువందలమంది బానిసత్వం కూడా తన తాటాకుల్లోంచే పుట్టిందని ఇప్పుడు తెలిసింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

"మరి మా గురువు?" అన్నాడు ఎలాగో ఊపిరి తీసుకుని. "ఆయనదీ ఇదే నడక. ఆయన్ను కూడా ఇలాగే..."

మాంత్రికుడి నవ్వు ఆగిపోయింది. "ఆ ముసలాడు వీళ్ళ కోసమే వచ్చి నాకు పట్టుబడ్డాడు గాని బొమ్మకు చిక్కలేదు. ఆ కుంటి నడక వాడి సొంతం. సొంత నడక నా దారానికి అందదు. అరువు తెచ్చుకున్న నడకే అందుతుంది. అందుకే గోతిలో పడేశాను. పో, నువ్వూ వాడి పక్కనే కుంటు!"

చేత్తో బొమ్మను తిప్పాడు. బాచన కాళ్ళు అతన్ని ఆవరణ మూలకు నడిపించుకుపోయి, నిలువెత్తున్నర లోతు గోతిలోకి దూకించాయి.

కింద చీకటిగా లేదు. గోడ పైభాగాన ఆవరణ నేలకు సమానంగా ఒక ఇనుప కిటికీ ఉంది, అందులోంచి వెలుగు పడుతోంది. గోడకు చేరగిలబడి ఉన్నాడు గొంకయ్య. గడ్డం నెరిసి బొడ్డుదాకా వచ్చింది. ఎడమ కాలికి ఎప్పటిలాగే పిక్కదాకా గుడ్డ చుట్టి ఉంది.

"బాచా!" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండునని బాచనకు అనిపించింది. "దెబ్బ తగిలిందా నాయనా? మోకాలు వంచి దిగావా, కొయ్యలా దిగావా?"

బాచన ఆయన పాదాల దగ్గర కూలబడ్డాడు. పాదాలు పట్టుకోవడానికి చెయ్యి చాచి, మట్టి కొట్టిన చెయ్యి అదేనని గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు.

అంతలో గోతి అంచున నీడ పడింది. నాగసాని! మాంత్రికుడి చూపు బాచన గెంతుల మీద ఉన్నప్పుడే ఆమె స్తంభాల చాటున తప్పుకుంది. గోతి కాపలావాడి మెడలో బాణం దింపి, వాడి మోకు లాక్కుని వచ్చింది. మోకు విసరబోయి, కింద ఉన్న ముసలాయన్ను చూసి ఆగిపోయింది. మోకు పక్కన పడేసింది. ఎర్ర ఈకల బాణం వింట చేరింది.

"పక్కకు తప్పుకో బాచనా. మా నాన్న చూస్తున్నాడు."

గొంకయ్య కళ్ళు పైకెత్తాడు. "సేనాపతి కూతురివి కదూ? అమ్మాయీ, చంపదలుచుకుంటే పైకి లాగి చంపు. ఇక్కడ చంపితే శవాన్ని తియ్యడం కష్టం," అన్నాడు.

నాగసాని అల్లెతాడు చెవిదాకా లాగింది.

"ఆగండి నాగసానమ్మా!" లాగుతున్న కాలిని గోడకు అదిమిపెట్టి బాచన గురువుకు అడ్డం నిలబడ్డాడు. ఏడాదిగా గొంతులో ఇరుక్కున్న మాట ముల్లులా గీసుకుంటూ బయటికి వచ్చింది. "ఆ బాణం ఆయనది కాదు, నాది. ఆ అడుగు నేర్పింది నేను. ఆయన మంచంలో ఉన్నాడు. లేచి వచ్చి మాన్పించమన్నాడు. నాకు సిగ్గేసింది. పరువు పోతుందని రేపు, మాపు అని నాన్చాను. సభలో ఆయన నన్ను చూస్తే తల దించుకున్నాను. మీ నాన్నగారిని చంపింది నా సిగ్గమ్మా."

పైన విల్లు దిగలేదు.

"నలభై రోజులు," అంది నాగసాని చివరికి. "నలభై రోజులు నేను ఈ బాణం సానపడుతుంటే ఎదురుగా కూర్చున్నావు. ఒకరోజు సానరాతి మీద నీళ్ళు కూడా పోశావు."

"పోశాను."

"ఛీ!"

ఆ ఒక్క మాట చాలు. ఆమె బాణాన్ని అమ్ములపొదిలో పెట్టుకుని, కాలితో మోకును గోతిలోకి తోసింది. "ముందు మనవాళ్ళు బయటపడాలి. నీ సంగతి తరవాత. పెద్దయ్యగారూ, మిమ్మల్ని ఏమని క్షమాపణ అడగాలో నాకు తెలీదు."

"అడగడానికి పైకి రానివ్వమ్మా మొదట," అన్నాడు గొంకయ్య. శిష్యుడి వైపు తిరిగాడు. "ఒరే, నువ్వు కుండ మోసుకుంటూ వచ్చినప్పుడు నీ కాలు ఎలా పడింది?"

బాచన తెల్లబోయాడు. నిజమే! వాకిలి నుంచి అరుగుదాకా అంత దూరం నడిచాడు. చక్రం తిరుగుతూనే ఉంది. కాలు మాత్రం తిన్నగా పడింది.

"రోజంతా ఈ కిటికీలోంచి కాళ్ళు చూడటమే నా పని," అన్నాడు గొంకయ్య. "ఒకరోజు రేవన్న నడుం నొప్పెట్టి, మోకు విప్పి రాయి నెత్తికెత్తుకున్నాడు. నాలుగడుగులు వేశాడో లేదో, కాలు చక్కబడింది. మాంత్రికుడు గుండె బాదుకుంటూ వచ్చి వాణ్ణి కొరడాతో కొట్టించాడు. ఆనాటి నుంచీ రాయి ఎత్తరాదు, ఈడ్వాల్సిందే. ఎందుకో వీళ్ళెవరికీ తెలీదు. నెత్తిన బరువు పడితే పాదం నడుం కిందికి రావాలి, నడుం మెడ కిందికి రావాలి. రాకపోతే బరువు పడిపోతుంది. అప్పుడు నేర్చుకున్న వేషాలన్నీ ఊడిపోయి, అమ్మ దగ్గర నడిచిన నడక బయటికి వస్తుందిరా. బరువు కింద ఒళ్ళు అబద్ధమాడదు."

మూలనున్న నీళ్ళ కుండను బాచన నెత్తికెత్తుకున్నాడు. కాలిలో లాగుతున్న పీకులాట టక్కున ఆగింది. ముందు గురువును మోకుతో పైకి పంపి, తరవాత ఒక చేత్తో కుండ, ఒక చేత్తో మోకు పట్టి, గోడకు కాళ్ళు తన్ని, పైన ఇద్దరూ లాగుతుంటే తనూ ఎక్కాడు.

పైన ముగ్గురు ఎలుగు మొహాలవాళ్ళు గదలతో ఎదురయ్యారు. యుద్ధం చేసినవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు. నెత్తిన నీళ్ళ కుండ పెట్టుకుని, చుక్క తొణకకుండా చేసినవాడు మాత్రం బాచన ఒక్కడే. మొదటివాడి గద వీపు పక్క నుంచి పోయింది. ఎత్తిన వాడి మోచేతి సందున బొటనవేలితో నొక్కాడు. చెయ్యి చచ్చుబడి గద జారింది. వంగకుండానే మోకాళ్ళు ముడిచి దాన్ని అందుకుని, రెండోవాడి మోకాటి చిప్ప పక్కన తాటించాడు. వాడు కూలబడినచోటు నుంచి లేవలేదు.

"కుండ!" అని అరిచింది నాగసాని, మూడోవాణ్ణి బాణంతో పడగొడుతూ.

"ఉంది!" అన్నాడు బాచన.

ఆవరణ మధ్యకు వచ్చి నిలబడ్డాడు. మూడువందల పన్నెండుమంది మోకులు ఈడుస్తూ చుట్టూ తిరుగుతున్నారు. వెనకాల నాగసాని భుజం పట్టుకుని గొంకయ్య కుంటుకుంటూ వస్తున్నాడు. సభ తీర్పు సంగతి కాపలావాళ్ళ నోట ఎప్పుడో విన్నారు గనుక, ఆయన్ను చూడగానే వాళ్ళలో గగ్గోలు పుట్టింది. "ద్రోహి! వీణ్ణెందుకు తెచ్చావు పెద్దన్నా?" కాళ్ళు కట్టుబడి ఉన్నాయి గాని చేతులు వాళ్ళవే. ఎవడో గులకరాయి విసిరాడు. అది ముసలాయన నుదుటికి తగిలి నెత్తురు చిమ్మింది.

"మోకులు విప్పి రాళ్ళు నెత్తికెత్తుకోండి! కాళ్ళు మీవవుతాయి!" అని అరిచాడు బాచన.

"ఎవరు చెప్పారు? ఈ ముసలాడా? ఇంకో పన్నాగమా?"

ఎవరూ కదలలేదు. అరుగు మీద కపిలజటుడు లేచి నిలబడుతున్నాడు.

ఒకసారి ఒప్పుకున్నాక రెండోసారి సులువవుతుందని బాచన అనుకున్నాడు. కాలేదు. గోతిలో ఒక్కతే వింది. ఇక్కడ మూడువందలమంది, తను పేరుపేరునా ఎరిగినవాళ్ళు. రేవన్న ఇంకా ఆశగా చూస్తూనే ఉన్నాడు. నెత్తిన కుండ తల దించనివ్వలేదు. అలా తలెత్తుకునే చెప్పాల్సి వచ్చింది.

"ద్రోహి నేను! మయూరపాదం అనేది లేదు. అది ఒజ్జగారి అవిటికాలు. అడిగి తెలుసుకోకుండా దాన్ని విద్య అని మీకు నేర్పాను. తప్పని తెలిశాక కూడా మీకు చెప్పడానికి సిగ్గుపడి నోరు మూసుకున్నాను. మీ మోకాళ్ళు నేను విరిచాను. ఆయన వీపున మొదటి మట్టి నేను కొట్టాను. నన్ను రేపు ఏమైనా చెయ్యండి. ఇవాళ మాత్రం ఆయన మాట వినండి!"

రేవన్న మొహంలో దీపం ఆరిపోవడం బాచన కళ్ళారా చూశాడు. రేవన్న ఉమ్మేశాడు. ఆ తరవాత బాచన వైపు చూడకుండా గురువు వైపు తిరిగి చేతులు జోడించాడు. నడుం మోకు విప్పాడు. వంగి రాయి ఎత్తి నెత్తిన పెట్టుకున్నాడు.

అతని ఎడమ పాదం తిన్నగా పడింది.

ఒక్కసారిగా ఆవరణ కదిలింది. పది, యాభై, రెండువందలు, రాళ్ళు నేల మీద నుంచి తలల మీదికి లేచాయి. మూడువందల పన్నెండు రకాల నడకలు! ఒకడిది నాగలి వెనక నడక, ఒకడిది పడవ మీద నిలబడే నడక, ఒకడిది చంకన తమ్ముణ్ణి మోసి మోసి ఒక పక్కకు ఒరిగిన నడక. కపిలజటుడు బొమ్మను చేతిలోకి లాక్కుని పిచ్చిగా దారాలు గుంజాడు. ఒక్క కాలు కూడా పలకలేదు. పగిలిన గొంతుతో రంకె వేసి, "వంతెన గొలుసులు తెంచండి!" అన్నాడు.

"వంతెన మీదికి!" అరిచింది నాగసాని. తలల మీద రాళ్ళతో సేన వంతెన వైపు పరుగులాంటి నడక సాగించింది. వెనకాల ఎలుగు మొహాలు గొడ్డళ్ళతో గొలుసుల దగ్గరికి ఉరికాయి. బాచన అందరికంటే చివర నిలిచి, గద తిప్పుతూ వాళ్ళను ఆపుతున్నాడు. చివరి భటుడు వంతెన ఎక్కాడు. నాగసాని అవతలి ఒడ్డుకు చేరి అక్కడి నుంచి బాణాలు కురిపిస్తోంది. దొరికిన కర్ర ఊతంగా కుంటుతున్న గొంకయ్య ఒక్కడే ఇంకా ఇవతల మిగిలాడు.

అప్పుడు మాంత్రికుడి ఒడిసెల రాయి రివ్వున వచ్చింది.

కుండ పెళ్ళున పగిలింది. నీళ్ళు మొహం మీద కారాయి. ఆ క్షణమే ఎడమ కాలు బయటికి తిరిగింది. ఒకడుగు, అఖాతం వైపు. ఇంకో అడుగు. బాచన ఉన్న బలమంతా పెట్టి బిగబట్టాడు. కాలు కొయ్యబారి అంచుకే జరిగింది. చుట్టుపక్కల ఎత్తుకోవడానికి గులకరాళ్ళు తప్ప ఏమీ లేవు.

"బిగించకురా, వదులు!" గొంకయ్య కర్ర పారేసి పడుతూ లేస్తూ వచ్చాడు. "మోకాళ్ళు వదిలి కూలబడు! నన్ను మెడకెత్తుకో!"

"మిమ్మల్నా!" బాచనకు ఏడుపొచ్చింది. "ఏ మొహంతో మోస్తాను ఒజ్జగారూ?"

"మొహంతో కాదురా వెధవా, మెడతో మొయ్యి!"

బాచన కండలన్నీ వదిలేసి కూలబడ్డాడు. ముసలాయన భుజాల మీదికి ఎక్కి కూర్చున్నాడు. లేచాడు బాచన. ఆ బరువు మెడ మీద కుదురుకుంది. నడుం మెడ కిందికి వచ్చింది, పాదం నడుం కిందికి వచ్చింది. చిన్నప్పుడు కుమ్మరి తండ్రి వెనకాల బంకమట్టి తట్ట మోస్తూ నడిచిన నడక, ఎన్నో ఏళ్ళ కింద మర్చిపోయినది, అతని కాళ్ళలోకి తిరిగి వచ్చింది.

వంతెన మీదికి ఉరికాడు. వెనక ఖణేల్మని ఒక గొలుసు తెగింది. వంతెన కుడి పక్కకు ఒరిగింది. గొంకయ్య జారిపోకుండా ఆయన ఎడమ కాలిని ఎడం చేత్తో గట్టిగా పట్టుకున్నాడు. పెనుగులాటలో ఆ కాలి గుడ్డ ఊడి అఖాతంలోకి ఎగిరిపోయింది.

అతని అరచేతి కింద ఎముక తిన్నగా లేదు. పిక్కకు ముందు, మోకాటికి జానెడు కింద, ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుని గట్టి కాయ కట్టి ఉంది. అక్కడి నుంచి ఎముక బయటికి తిరిగింది. దానితో పాటే పాదం. పన్నెండేళ్ళు ప్రతి ఉదయం ఈ పాదాలకు దండం పెట్టాడు. జానెడు పైన ఒక్కసారి చెయ్యి వేసి ఉంటే చాలు.

"ఒజ్జగారూ... ఇదేనా?"

"అదే. కుర్రతనంలో గోడ మీద నుంచి పడ్డాను," అన్నాడు పైనుంచి గొంకయ్య. "ఇవాళ్టికి చెయ్యి వేశావు."

అవతలి ఒడ్డున రేవన్న, అతని వెనక మూడువందలమంది రాళ్ళు దించకుండా చూస్తున్నారు. వాళ్ళ ముందు నాగసాని నిలబడి ఉంది. అమ్ములపొదిలో మిగిలింది ఒకే ఒక్క బాణం. ఎర్ర ఈకలు గాలికి రెపరెపలాడుతున్నాయి. ఆమె దాన్ని వింట సంధించి వంతెన వైపు ఎక్కుపెట్టింది. అది తన కోసమో, తన వెనకాల వంతెన మొదట్లో నిలబడి అరుస్తున్న మాంత్రికుడి కోసమో బాచనకు తెలియలేదు. అడిగే అర్హత ఉందనీ అనుకోలేదు.

రెండో గొలుసు మీద గొడ్డలి పడింది.

"నేల చూడకు," అన్నాడు గొంకయ్య. "వాళ్ళ కళ్ళలోకి చూస్తూ నడు."

అన్నిటికంటే కష్టమైన పని అదే. తల దించుకోవడానికి వీల్లేకుండా మెడ మీద గురువు ఉన్నాడు. బాచన తలెత్తి, ఆ మూడువందల జతల కళ్ళలోకి చూస్తూ, ఊగుతున్న పలక మీద ఎడమ పాదం తిన్నగా వేశాడు.